తోటలో పెట్టిన సిమెంటు బొమ్మ సీతమ్మదా, శకుంతలదా? మోచేతి పగులుకు ఏం చేయాలి?

గడియారం_సెంటర్ (నల్లగొండ):

అందరికీ నమస్తే. మాది నల్లగొండ, పానగల్లు వైపు. ఇంటి ముందర కొంచెం జాగా ఉంటే ఒక మామిడి, పారిజాతం, కరివేపాకు, నాలుగు గులాబీలు పెట్టుకున్నాం, మా నాయిన రిటైరైనప్పటి నుంచి పొద్దంతా ఆయనకు అదే లోకం. ఆ మధ్య హైదరాబాదు నుంచి వస్తూ చౌటుప్పల్ దాటినాక రోడ్డు పక్కన బొమ్మలు పోసి అమ్మే చోట ఆగి, ఎవరికీ చెప్పకుండా ట్రాలీ ఆటో మాట్లాడుకొని ఒక పెద్ద సిమెంటు బొమ్మ దింపించారు. నడుం ఎత్తు దాటి ఉంటుంది. ఒకామె నడవబోతూ వెనక్కి తిరిగి చూస్తున్నట్టు నిలబడింది, తలలో పూలు, దండచేతులకు వంకీలు, కాళ్ళ దగ్గర వెనక పక్క ఒక జింక పిల్ల. ఎవరి బొమ్మ అని అమ్మినతన్ని అడిగితే 'జింక మేడం సార్, బాగా పోతుంది' అన్నాడట.

ఇప్పుడు ఇంట్లో పంచాయితీ ఏమిటంటే, నాయిన శకుంతల అంటారు. అమ్మ చూడగానే సీతమ్మవారు అంది, అని, మాయలేడి వచ్చిన తర్వాతనే కదా ఆ తల్లికి కష్టాలన్నీ, ఇంటి ముందర ఎందుకు అని మొదలుపెట్టింది. మేనత్త వచ్చి ఇంకో మాట వేసింది: సీతమ్మ కాకపోతే మరీ కష్టం, శకుంతలను మొగుడే ఎవరో తెలియదన్నాడు, శ్రావణంలో పిల్ల పెళ్ళి పెట్టుకొని అట్లాంటి బొమ్మ గేటు ఎదురుగా పెడతారా అని. పెళ్ళి మా చెల్లెలిది. తనేమో బొమ్మతో సెల్ఫీ దిగి స్టేటస్ పెట్టుకుంది, తనకేం టెన్షన్ లేదు.

నాకు అసలు టెన్షన్ వేరే. బొమ్మ ఎడమ మోచేతి కింద సన్నగా పగిలింది, వాన పడ్డప్పుడు ఆ పగులులో నుంచి ఎర్రటి నీళ్ళు కారి చీర కుచ్చిళ్ళ దాకా చార పడింది. రంగు చిన్న చిన్న పొరలుగా లేస్తోంది. పైగా గడ్డికి పెట్టిన స్ప్రింక్లర్ బోరు నీళ్ళు పడి మొహం మీద తెల్లటి మచ్చలు, మా దగ్గర బోరు నీళ్ళ సంగతి మీకు తెలిసిందే. తీసేసి రాతి బొమ్మ చేయించాలా, దీన్నే బాగు చేసుకోవాలా, ఫైబర్ బొమ్మలు బాగుంటాయని ఒకరన్నారు, అదెట్లా? అసలు ఇది ఎవరి బొమ్మో ఎట్లా తెలుసుకోవాలి? తెలిసినవాళ్ళు చెప్పండి.

సాగర్_ఎడమకాల్వ:

జింక మేడం అనే పేరు ఖాయం చేసేయండి, ఇద్దరికీ గొడవ లేదు 😄

పాలమూరు_తెలుగు_సారు:

బాబూ, మీ నాయన గారి వైపే నా ఓటు. కానీ ఓటుతో తేల్చే సంగతి కాదు కాబట్టి బొమ్మను చూసి చెప్పే గుర్తులు చెప్తాను.

సీతమ్మ కథలో లేడి ఎప్పుడూ దగ్గరికి రాదు. మారీచుడు ఆశ్రమం చుట్టూ తిరిగి ఆశ పెట్టి పారిపోతాడే గానీ చేతికి చిక్కడు, చిక్కితే రామాయణమే లేదు. అందుకే ఆ ఘట్టం బొమ్మగా చేసినప్పుడల్లా లేడి దూరంగా ఉంటుంది, ఒంటి మీద చుక్కలు, బంగారు రంగు ఉంటాయి, సీతమ్మ వేలు చూపిస్తూ ఉంటుంది, పక్కన రాముడు లేకుండా చాలా తక్కువ. భద్రాచలం దగ్గర పర్ణశాలకు పోయినవాళ్ళు ఆ బొమ్మలు చూసే ఉంటారు. మీ బొమ్మలో జింక పిల్ల కాళ్ళకు ఆనుకొని ఉందన్నారు. సీతమ్మ కాదు. చేతిలో వీణ ఉండి చుట్టూ జింకలుంటే తోడి రాగిణి, అంటే తోడి రాగానికి ఊహించిన ఆడరూపం అనేవాళ్ళం, హంస ఉంటే దమయంతి అనేవాళ్ళం. అవీ లేవు.

ఇక అసలు గుర్తు. మీరు బొమ్మ వెనక్కి పోయి జింక మూతి చూడండి. అందులో చీర కొంగు గానీ కుచ్చిళ్ళ అంచు గానీ పట్టుకొని ఉందా? ఉంటే సందేహం లేదు, అది కాళిదాసు నాటకంలో నాలుగో అంకం. శకుంతల అత్తవారింటికి బయలుదేరుతుంది, రెండడుగులు వేసిందో లేదో ఎవరో బట్ట పట్టి లాగినట్టవుతుంది. ఎవరిది అని వెనక్కి తిరుగుతుంది, మీరు చెప్పిన ఆ తిరగడమే. కణ్వుడు చెప్తాడు: దర్భ మొన గుచ్చుకొని మూతికి పుండైతే నువ్వు గారనూనె రాసి మాన్పావే, గుప్పెడు గుప్పెడు సామలు పెట్టి పెంచావే, ఆ పిల్ల, నీ దారి విడవడం లేదమ్మా అని. తల్లి లేని పిల్లను తను సాకింది, తనూ అట్లా కన్నవాళ్ళు వదిలేస్తే పక్షులు కాపాడిన పిల్లే, శకుంత పక్షులు కాచాయి కాబట్టే శకుంతల అయింది. అందుకని ఆ జింక అక్కడ ఊరికే అందానికి లేదు.

వంకీలు, నగలు ఉన్నాయి కదా, ఆశ్రమం పిల్లకు నగలెక్కడివి అని ఎవరైనా అడ్డం పడితే దానికీ అందులోనే జవాబుంది. ఆ రోజు చెట్లే ఇచ్చాయి. ఒక చెట్టు వెన్నెల లాంటి తెల్లటి పట్టుబట్ట ఇచ్చిందట, ఒకటి పాదాలకు లత్తుక ఇచ్చిందట, మిగతావి కొమ్మల్లోంచి చేతులు చాచి నగలు ఇచ్చాయట. నారచీరతో ఉంటే మొదటి అంకం, నగలతో ఉంటే నాలుగో అంకం అని నేను క్లాసులో చెప్పేవాణ్ణి.

మీ మేనత్త గారికి ఒక్కటే చెప్పండి. అది అప్పగింతల బొమ్మ. ఆ కణ్వుడు సన్యాసి, అడవిలో ఉండేవాడు, పెంచిన కూతురు పోతుంటే గొంతు పూడుకుపోయి చూపు మసకబారి, నాలాంటివాడికే ఇంత ఉంటే కన్న తండ్రులు, సంసారులు ఎట్లా తట్టుకుంటారో అనుకుంటాడు. శకుంతల పోతూ పోతూ, పర్ణశాల దగ్గర తిరిగే నిండు చూలాలు లేడి ఈనితే నాకు కబురు పంపించు నాయనా అంటుంది. మన ఇళ్ళల్లో ఆడపిల్ల కారెక్కే ముందు బర్రె ఈనితే ఫోన్ చేయమని చెప్పిపోదూ, అదే. పెళ్ళి జరగబోయే ఇంటి ముందర ఇంతకంటే తగిన బొమ్మ నాకు తోచదు.

పంచెకట్టు_వద్దు:

సారూ, మీరు నాలుగో అంకం దగ్గర ఆపేశారు. అయిదో అంకంలో దుష్యంతుడు నువ్వెవరో నాకు తెలియదు పొమ్మన్నాడు కదా. ఆమె వేలికి చూస్తే అతను గుర్తుగా ఇచ్చిన ఉంగరం లేదు, నీళ్ళల్లో జారిపోయింది. మేనత్త గారు అన్నదాంట్లో తప్పేముంది? నేను శకునాలు నమ్మను గానీ, ఆమె చెప్పిన కథ మాత్రం కరెక్టే.

దిమ్మె_మేస్త్రి (మిర్యాలగూడ):

కథ సార్లు చూసుకుంటారు, నేను చేతి సంగతి చెప్తా తమ్మీ.

ఎర్ర నీళ్ళు కారుతున్నయంటే లోపలి ఇనుప సీకు తుప్పు పట్టింది. రోడ్డు పక్కన అచ్చులో పోసే బొమ్మలకు సీకు మీద సిమెంటు మందం చాలా తక్కువ పెడతారు, చేతులు, వేళ్ళ దగ్గరైతే వేలి గోరంత కూడా ఉండదు, బయట వానకు ఎండకు ఉండే దానికి కనీసం ముప్పావు అంగుళం కావాలి. నీళ్ళు లోపలికి పోయినాక ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది, తుప్పు అసలు ఇనుము కంటే రెండింతల పైనే చోటు తీసుకుంటుంది, ఇంక సిమెంటు పగలక ఏం చేస్తుంది. పైన పుట్టీ పెట్టి రంగు వేసినవనుకో, ఒక వానాకాలం ఆగుతుంది, మళ్ళీ అక్కడనే లేస్తుంది. చాలామంది చేసేది అదే.

చేయాల్సింది ఏమిటంటే పగులు చుట్టూ ఉలితో మెల్లగా కొట్టి సీకు పూర్తిగా కనపడే దాకా తెరవాలి, సీకు వెనక పక్క కూడా వేలు పట్టేంత తెరవాలి, ఇది ముఖ్యం. వైర్ బ్రష్‌తో రుద్ది ఇనుము మెరిసే దాకా తుప్పు తీసేసి, అదే రోజు జింక్ ప్రైమర్ కొట్టాలి. సీకు మరీ సన్నబడి ఉంటే పక్కన స్టెయిన్‌లెస్ తీగ ఒకటి కట్టు. తర్వాత పాత సిమెంటు తడిపి, లేటెక్స్ కలిపిన సిమెంటు పాలు పూసి, అది తడిగా ఉండగానే ఒక పాలు సిమెంటుకు సన్నగా జల్లెడ పట్టిన ఇసుక మూడు పాళ్ళు కలిపిన మాలు రెండు సార్లుగా నింపాలి. ఒకేసారి నింపితే జారుతుంది. మీద గోనెసంచి చుట్టి వారం రోజులు తడపాలి, మధ్యలో ఎండనియ్యద్దు. నెల రోజులు ఆగి అప్పుడు రంగు.

రంగు పొరలుగా లేస్తోందంటే ఆయిల్ పెయింట్ కొట్టి ఉంటారు, మెరుపు కోసం వాళ్ళు అదే కొడతారు. సిమెంటు కింద నుంచి చెమ్మ పైకి వస్తుంది, ఆయిల్ పెయింట్ దాన్ని బయటికి పోనియ్యదు, పొక్కుతుంది. పాతది మొత్తం గీకి తీసేసి, సిమెంటుకు కొట్టే ప్రైమర్ ఒక కోటింగ్, బయటి గోడలకు వేసే ఎమల్షన్ రెండు కోటింగ్‌లు వేయండి. మెరుపు ఉండదు, మంచిదే, రాయి లాగ కనపడుతుంది.

ఇంకొకటి, దిమ్మె కట్టారా లేదా చెప్పలేదు. బొమ్మను నేరుగా మట్టి మీద నిలబెడితే చెమ్మ పాదాల నుంచి పాకుతుంది. మొరం తగిలే దాకా తవ్వి, కింద కాంక్రీటు వేసి, ఇటుక దిమ్మె కట్టి, దిమ్మెకు బొమ్మకు మధ్య మందపాటి తార్ షీటు వేయాలి. దిమ్మె పైభాగం బయటికి కొంచెం వాలు ఉండాలి, నీళ్ళు నిలవద్దు. మీరు చెప్పిన సైజు బొమ్మ క్వింటం దాటుతుంది, ఇద్దరు మనుషులతో లేపుదామని చూడకండి, మెడ దగ్గర పట్టుకొని అసలే లేపకండి.

తెల్ల మచ్చలకు ఎవరైనా బాత్రూం యాసిడ్ పోసి కడగమంటారు. పోయకండి. యాసిడ్ ఉప్పుతో పాటు సిమెంటును కూడా తింటుంది, తిని సీకు దాకా దారి చేస్తుంది. వాన నీళ్ళు పట్టి పెట్టుకొని మెత్తటి బ్రష్‌తో రుద్దండి, పోయినంత పోతుంది, మిగిలింది రంగు కింద పోతుంది. ముందు ఆ స్ప్రింక్లర్ అటు తిప్పండి. బోరు నీళ్ళు రోజూ మొహం మీద కొడుతుంటే ఏ రాయి అయినా అంతే.

దేవరకొండ_గుట్ట:

మేస్త్రి అన్న చెప్పింది సరే గానీ, డబ్బులు పెట్టగలిగితే రాయికే పోవాలని నేనంటా. ఎందుకంటే సిమెంటు బొమ్మను ఎన్నిసార్లు బాగు చేసినా లోపల ఇనుము ఉన్నంత కాలం ఆ భయం ఉంటుంది, రాతి బొమ్మలో సీకే ఉండదు. మీరుండేది పానగల్లు వైపు, మీ పక్కనే పచ్చల సోమేశ్వరాలయం గోడల మీద రామాయణ భారత ఘట్టాలు నల్లరాతిలో వరసగా చెక్కి ఉన్నాయి. కందూరు చోడుల కాలం నాటివి, ఇన్ని వందల ఏళ్ళ వానలు చూసి కూడా నగల మీద పూసలు లెక్కపెట్టవచ్చు. మీ నాయన గారిని ఒకసారి తీసుకుపోండి, పక్కన మ్యూజియం కూడా ఉంది. అట్లనే పాలమూరు పిల్లలమర్రి దగ్గర మ్యూజియం బయట నిలబెట్టిన శిల్పాలు చూస్తే, ఆరుబయట చెట్ల కింద రాతి బొమ్మ ఎట్లా ఉంటుందో మీకే తెలుస్తుంది.

చేయించాలంటే మనకు రెండు వైపులు ఉన్నాయి. సాగర్ దాటి మాచర్ల పక్కన దుర్గి ఉంది, అక్కడ మెత్తటి రాయి, పని సన్నగా వస్తుంది, నగలూ జింక చెవులూ బాగా తీస్తారు, కాకపోతే రోజూ నీళ్ళు పడే చోట మెత్తరాయి అరుగుతుంది. కృష్ణ దాటి అటు పోతే ఆళ్ళగడ్డ, వాళ్ళది ఎక్కువగా గట్టిరాయి. యాదాద్రి గుడిని కృష్ణశిలతో కట్టి 2022లో తెరిచారు కదా, అట్లాంటి నల్లరాయి అయితే తోటకు ఢోకా లేదు. మన చుట్టుపక్కల గుట్టల బూడిద రంగు రాయి దిమ్మెకు బ్రహ్మాండం, మొహానికి వద్దు, రవ్వ పెద్దది, ముక్కు కొస తీసేటప్పుడు లేచిపోతుంది.

ఫైబర్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. తేలిక, గాలికి పడుతుంది, కింద బోల్టులు వేయకపోతే ఒక్క గాలివానకు పక్కింట్లో ఉంటుంది. నాలుగు ఎండాకాలాలు పోతే పైపూత పొడిపొడి అవుతుంది.

పంతులమ్మ_అచ్చంపేట:

నేను అడిగేది ఎవరూ అడగలేదు. అందరూ కాళిదాసు శకుంతలనే ఎందుకు పెడతారు? రోడ్డు మీద దొరికే శకుంతలలన్నీ రెండు రకాలే, ఒకటి మీ జింక మేడం, ఇంకోటి కాలు వెనక్కి ఎత్తి ముల్లు తీసుకుంటున్నట్టు నటించేది. ఆ ముల్లు బొమ్మ రవివర్మ గీసిన పటం నుంచి వచ్చింది, ఆయన 1894లో బొంబాయిలో ప్రెస్ పెట్టి అచ్చు పటాలు ఇంటింటికీ చేర్చాక క్యాలెండర్లలోకీ, అక్కడి నుంచి సిమెంటు అచ్చుల్లోకీ దిగింది. నాటకంలో మాత్రం ఆమెకు గుచ్చుకున్నది దర్భ, గోరింట కొమ్మకు నారచీర తట్టుకుందని ఇంకో సాకు కూడా చెప్తుంది, రాజును ఇంకోసారి చూడటానికి. ముద్దుగా ఉంటుంది, కాదనను.

కానీ మన నన్నయ్య గారి శకుంతల వేరే మనిషి. కాళిదాసు నాటకంలో రాజు ఆమెను మరిచిపోయేది ఒక శాపం వల్ల, భారతంలో ఆ శాపమూ లేదు, ఉంగరమూ లేదు. దుష్యంతుడికి అంతా గుర్తుంది, గుర్తుండే సభలో అబద్ధం ఆడాడు, నలుగురూ ఏమంటారో అని. ఆమె ఏడుస్తూ పోలేదు. కొడుకు చేయి పట్టుకొని నిండు సభలో నిలబడి లెక్క చెప్పింది: నూరు చేదబావుల కంటే ఒక దిగుడుబావి మేలు, నూరు బావుల కంటే ఒక యజ్ఞం, నూరు యజ్ఞాల కంటే ఒక కొడుకు, అట్లాంటి నూరుగురు కొడుకుల కంటే ఒక నిజం మాట మేలు అని. 'నుతజలపూరితంబులగు' పద్యం, బడిలో కంఠతా పట్టినవాళ్ళు ఇక్కడ చాలామంది ఉంటారు. చివరికి ఆకాశవాణి పలికితే గానీ రాజు దిగి రాలేదు. మేనత్త గారి అనుమానానికి నా జవాబు ఇదే. మొగుడు కాదన్న మాట నిజమే, ఆమె ఊరుకోలేదన్నది కూడా చెప్పాలి కదా. పెళ్ళి కాబోయే పిల్ల రోజూ చూడాల్సిన బొమ్మ ఏదని నన్నడిగితే, కొడుకు చేయి పట్టుకొని నిటారుగా నిలబడ్డ ఆ శకుంతల అంటాను. ఏ శిల్పీ ఎందుకు చేయడో నాకు అర్థం కాదు. మీరు రాతిలో చేయించేదుంటే ఆలోచించండి.

మన దగ్గరి కవి కూడా శకుంతలను రాశాడు, అది ఎవరికీ గుర్తులేదు. పిల్లలమర్రి పినవీరభద్రుడి శృంగార శాకుంతలం, 15వ శతాబ్దం, భారత కథనూ కాళిదాసునూ కలిపి రాసింది. ఆ పిల్లలమర్రి దేవరకొండ అన్న చెప్పిన పాలమూరు మర్రిచెట్టు కాదు, సూర్యాపేట పక్కన కాకతీయుల గుళ్ళున్న ఊరు. అంటే మీ పాత నల్లగొండ జిల్లానే.

పాలమూరు_తెలుగు_సారు:

పంతులమ్మ గారూ, బాగా చెప్పారు, సభలో నిలబడ్డ శకుంతల గొప్పదే. కానీ తోటలో ఆమెను ఎక్కడ పెడతారు, మామిడి చెట్టుతో వాదించాలా? ఆ బొమ్మ కోర్టు ముందర పెట్టాలి. తోటకు జింక పిల్లే సరి.

పంచెకట్టు వద్దన్న బాబుకు కూడా ఒక మాట, అయిదో అంకంలోనూ ఆ జింక ఉంది. ఉంగరం పోయాక ఆమె దుష్యంతుడికి గుర్తుచేసేది దాన్నే. దీర్ఘాపాంగుడనే జింక పిల్లకు నువ్వు తామరాకు దొన్నెలో నీళ్ళు పట్టబోతే తాగలేదు, నేను పడితే తాగింది, ఇద్దరూ అడవివాళ్ళే కదా అని నవ్వావు అంటుంది. అతను అప్పుడూ నమ్మడు. తర్వాత ఏడో అంకంలో సింహం పిల్ల నోరు తెరువు, పళ్ళు లెక్కపెడతా అనే కొడుకు దగ్గర దొరికిపోతాడు. కథ మొత్తం చదివిన మేనత్తలు ఎవరూ ఆ బొమ్మకు భయపడరు.

గడియారం_సెంటర్:

అందరికీ చాలా థాంక్స్. సారు చెప్పినట్టు వెనక్కి పోయి చూశాను. బొమ్మను గోడకు దగ్గరగా ఆనించడంతో ఇన్నాళ్ళూ ఆ పక్క ఎవరం చూడలేదు. జింక మూతిలో కుచ్చిళ్ళ అంచు ఉంది, పళ్ళు కూడా గీసి ఉన్నాయి, అచ్చు చేసినతను ఎవరో గానీ కథ తెలిసినవాడే. నాయిన ముఖం చూడాలి, గెలిచిన సర్పంచ్ లాగ ఉన్నారు. అమ్మ సీతమ్మ కాదని ఒప్పుకొంది, గారనూనె రాసి పెంచిన సంగతి చదివి వినిపిస్తే మళ్ళీ చదవమంది. మేనత్త మాత్రం సగమే దిగింది: పెట్టుకోండి, గేటు ఎదురుగా వద్దు, మామిడి చెట్టు పక్కకు పెట్టండి అంది. దాంతో మాకు అభ్యంతరం లేదు. చెల్లెలు పంతులమ్మ గారి పోస్టు తన కాబోయే అతనికి ఫార్వర్డ్ చేసింది, జవాబు ఏమొచ్చిందో చెప్పడం లేదు.

రాయి సంగతి తర్వాత చూస్తాం, పెళ్ళి ఖర్చులున్నాయి. మేస్త్రి అన్నా, పని ఇప్పుడే మొదలుపెట్టవచ్చా, వానలు ఆగాలా? ఇంకొకటి, మామిడి పక్కనే కాబట్టి నాయిన బొమ్మ మొదట్లోనే మల్లెతీగ పెడతానంటున్నారు, శకుంతల మామిడికీ తీగకూ పెళ్ళి చేసిందట కదా.

పాలమూరు_తెలుగు_సారు:

చేసింది. ఆ తీగకు వనజ్యోత్స్న అని పేరు కూడా పెట్టింది, పోయేముందు దాన్ని చెల్లెలా అని కౌగిలించుకొని మరీ పోయింది. తప్పకుండా పెట్టమనండి.

దిమ్మె_మేస్త్రి:

పెట్టుకోండి గానీ బొమ్మ మొదట్లో కాదు, దిమ్మెకు కనీసం మూడు అడుగులు ఎడంగా, మామిడికి అటు పక్క పెట్టండి. రోజూ తీగకు నీళ్ళు పోస్తే ఆ తడి అంతా దిమ్మెకే పోతుంది, తీగ చేతులకు అల్లుకుంటే లోపల చెమ్మ ఆరదు, మళ్ళీ మోచేయి దగ్గరికే వస్తారు. రిపేరు పని వానల్లో వద్దు. ఇప్పుడైతే పాత రంగు గీకి, పగులు మీద పట్టా కప్పి, తాడుతో కట్టి ఉంచండి. పెళ్ళికి చూడటానికి బాగుండదంటారా, ఆ నాలుగు రోజులు పట్టా తీసి మోచేతికి ఒక పూలదండ వేయండి, పగులు కనపడదు. దసరా దాటినాక సీకు తెరిచి ఫోటో పెట్టండి, అది ఎంత సన్నబడిందో చూస్తే గానీ మాలు లెక్క చెప్పలేను.